నీలం చెప్పుల హాజరు

మా ఆస్పత్రిలో చెప్పులకున్న మర్యాద మనుషులకు లేదని బయట కొందరు అంటుంటారు. ఇరవై రెండేళ్లుగా ఇక్కడ గుమస్తాగిరీ చేస్తున్నవాణ్ణి కనుక నాకు తెలుసు. ఆ మాట అబద్ధం కాదు గానీ, దాని వెనక కొంత చరిత్ర ఉంది.

మాది పెద్ద ప్రభుత్వాస్పత్రి. రొమ్ము జబ్బులు చూసేది వారానికి ఒక్కరోజు, మంగళవారం. లంక గ్రామాల నుంచీ కొబ్బరితోటల వైపు నుంచీ ఆడవాళ్లు మొదటి బస్సుకే వచ్చి దిగుతారు. చీటీల కిటికీ తెరిచేది తొమ్మిదింటికి. అందాకా నిలబడే ఓపిక లేక చెప్పులు విడిచి వరుసలో పెట్టి, ఊళ్లో నర్సమ్మ రాసిచ్చిన కాగితాన్ని చెప్పు కింద దోపి, వరండాలో చతికిలబడతారు. అక్కణ్ణుంచి డాక్టరమ్మ చూసేదాకా ఆ చెప్పులే వాళ్ల వంతు. ఒకరి చెప్పుల ముందు ఇంకొకరు తమవి పెట్టరు. మనిషి మంచినీళ్లకు వెళ్తే పక్కావిడే కాలి బొటనవేలితో వాటిని ముందుకు జరుపుతుంది. నా సర్వీసులో వంతుల కోసం మనుషులు జుట్లు పట్టుకోవడం చూశాను గానీ, చెప్పుల వరుసలో ఒక్క గొడవ చూడలేదు.

ఇలా ఉండగా రాజధాని నుంచి పదహారు పేజీల ఉత్తర్వు వచ్చింది. రొమ్ము క్యాన్సర్ సేవలను ఎలా మెరుగుపరచాలో ఇకపై రోగులే మాకు చెప్పాలని దాని సారాంశం. పదిమందితో కమిటీ వేయాలి. అందులో అయిదుగురు రోగులు. ఆ అయిదుగురూ హాజరు కాకపోతే కోరం లేదు. కోరం లేకపోతే సమావేశం లేదు. సమావేశం లేకపోతే ఆస్పత్రికి మార్కులు లేవు. ఉత్తర్వు వెనకే దాన్ని అమలు చేయడానికి సుధాంశు గారని ఒక సమన్వయాధికారి వచ్చారు. ముప్పై అయిదేళ్లుంటాయి. మంచివాడు, కోపమనేది ఎరగడు. "భాగస్వామ్యం అనేది ఒక కార్యక్రమం కాదండీ, అదొక సంస్కృతి" అని వచ్చిన రోజే గది తుడుస్తున్న ఆయా నుంచి సూపరింటెండెంటు గారి దాకా అందరికీ చెప్పారు. ఆయా తలూపింది. సూపరింటెండెంటు గారు రాసుకున్నారు.

కమిటీ అన్నాక ప్రారంభోత్సవం ఉండాలి. ప్రారంభోత్సవం అన్నాక ఫలకం ఉండాలి. నల్లరాయి మీద బంగారు అక్షరాలతో 'రోగుల గౌరవమే మా ధ్యేయం' అని చెక్కించి, మెట్ల పక్కన గోడకు బిగించారు. తీరా చూస్తే దాని మీద కప్పడానికి తెర లేదు.

"తెర లేకుండా ముఖ్య అతిథి గారు దేన్ని తొలగిస్తారయ్యా?" అన్నారు సూపరింటెండెంటు గారు నాతో.

స్టోర్‌కి రాశాను. 'నిల్వ లేదు' అని జవాబు వచ్చింది. అప్పుడాయన దృష్టి పరీక్ష గది మీద పడింది. ఆ గది గుమ్మానికి తలుపు లేదు. ఏనాడో చెదలు తినేశాయి. తలుపుకు బదులు ఒక ఆకుపచ్చ పరదా ఉండేది. దళసరి గుడ్డ, మంచి కుట్టు. "రెండు రోజులే కదా, మళ్లీ కట్టేద్దాం" అన్నారు. స్టూలెక్కి ఆ పరదా విప్పింది నేనే. ఫలకానికి కట్టిందీ నేనే. గాలికి ఊడకుండా బిగించి ముడేశాను.

ముఖ్య అతిథి గారి పర్యటన వాయిదా పడింది. ఆ తర్వాత మళ్లీ పడింది. పరదా తిరిగి తెచ్చుకుందామా అని అడిగితే, ఆయన రాకుండా తెర తీస్తే ఫలకాన్ని మనమే ఆవిష్కరించినట్టవుతుందనీ, ఆ అధికారం మనకు లేదనీ సూపరింటెండెంటు గారు సెలవిచ్చారు. ఆ మాటా సబబే అనిపించింది.

నూకరత్నం వీరవేణిని వెంటబెట్టుకొచ్చింది ఆ వారమే.

నూకరత్నం మాకు పాత మనిషి. యాభై దాటింది, ఊళ్లో జాకెట్లు కుడుతుంది. నాలుగేళ్ల కిందట ఇక్కడే ఆపరేషన్ చేయించుకుని, నెలనెలా చూపించుకుని పోతుంటుంది. వీరవేణి జీడిపప్పు కర్మాగారంలో గింజలు కొట్టే మనిషి. ముప్పై రెండేళ్లు, ఇద్దరు ఆడపిల్లలు. జాకెట్టు కొలతకని నిలబడితే టేపు తగిలినచోట చురుక్కుమందట. ఏంటే అని రత్నం నిలదీస్తే, మూడు నెలలుగా గింజలా తగులుతోందని చెప్పిందట. రత్నం మర్నాడే ఊళ్లో నర్సమ్మతో చీటీ రాయించింది. 'ఎడమ పక్క గడ్డ, బఠాణీ గింజంత' అని.

వీరవేణి పేరు పిలిచారు. లోపలికెళ్లి, జాకెట్టు హుక్కు మీద చేయి వేసి, వెనక్కి తిరిగి చూసింది. గుమ్మానికి ఏమీ లేదు. ఎదురుగా వరండా, వరండాలో బెంచీల మీద మగవాళ్లు. టీ డబ్బా పట్టుకుని క్యాంటీన్ మనిషి గుమ్మం ముందు నుంచి వెళ్తూ, లోపల ఎవరికైనా టీ కావాలా అని తొంగి చూశాడు కూడా.

ఆ పిల్ల ఒక్క ఉదుటున బయటపడింది. వరండా దాటి, గేటు దాటి, ఉత్తకాళ్లతో బస్సెక్కేసింది. చెప్పులు వరుసలోనే ఉండిపోయాయి. నీలం హవాయి చెప్పులు, ఎడమదాని పట్టీకి పిన్నీసు. దాని కింద నర్సమ్మ చీటీ.

రత్నం నా బల్ల దగ్గరికొచ్చింది. "గుమస్తా గారండీ, గుమ్మానికి గుడ్డేదండీ?"

"ప్రారంభోత్సవంలో ఉందమ్మా" అన్నాను.

ఆ పైవారం కమిటీ మొదటి సమావేశం. మంగళవారం పదింటికి. అదే రోజు, అదే వేళ కిందన డాక్టరమ్మ రోగుల్ని చూస్తుంది. పైన అయిదుగురు అధికారులు, అయిదు ఖాళీ కుర్చీలు. రోగుల్ని పిలుచుకు రమ్మని నన్ను పంపారు.

వరండాలో అడిగితే ఎవరూ లేవలేదు. "మేం పైకొస్తే ఇక్కడ మా పేరు పిలిస్తే ఎవరు పలుకుతారండీ? మల్లీ వారం రమ్మంటారు" అంది ఒకావిడ. నేను ఇంకా అక్కడే నిలబడేసరికి నూకరత్నం విసుక్కుంది. "అంతగా కావాలంటే మా చెప్పులట్టుకుపోండి బాబూ. మా బదులు ఇక్కడ నిలబడతన్నాయి కదా, అక్కడా కూచుంటాయి." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పైకెళ్లి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. సుధాంశు గారు మాత్రం నవ్వలేదు. కళ్లు మెరిశాయి.

"ఇది క్షేత్రస్థాయి నుంచి వచ్చిన ప్రతిపాదన. ఒక రోగి స్వయంగా చేసిన సూచన. దీన్ని కాదంటే భాగస్వామ్య స్ఫూర్తినే కాదన్నట్టు" అన్నారు.

"రూల్ ఒప్పుకుంటుందా?" అన్నారు సూపరింటెండెంటు గారు. ఆయనకు ఉన్న సందేహం అదొక్కటే.

ఉత్తర్వు తీశారు. తొమ్మిదో పేజీలో 'రోగులు గానీ, రోగుల తరఫున హాజరయ్యే ప్రతినిధులు గానీ' అని ఉంది. ప్రతినిధి మనిషే అయి ఉండాలని ఎక్కడా లేదు. ముగ్గురు వేర్వేరుగా చదివి చూశారు. లేదు.

మళ్లీ కిందికెళ్లాను. గంటలో తెచ్చిస్తానంటే రత్నంతో కలిపి నలుగురు ఇచ్చారు, వేళాకోళానికే ఇచ్చారు. అయిదో జత కోసం చూస్తే కిటికీ కింద నీలం చెప్పులు కనిపించాయి. వంతు కోసం పెట్టిన చెప్పుల్ని ముట్టుకోకూడదని ఆయా వాటి చుట్టూ తుడుస్తోంది. వారం నుంచీ అక్కడే ఉన్నాయి.

"అయ్యట్టుకెల్లకండి. ఆ పిల్ల లేదు కదండీ!" అంది రత్నం.

"చీటీలో పేరుందమ్మా, సరిపోతుంది" అన్నాను.

చెప్పుల్ని ఎక్కడ పెట్టాలన్న దాని మీద నలభై నిమిషాలు చర్చ జరిగింది. కుర్చీల్లో పెడితే కుర్చీలకు అవమానం. నేల మీద పెడితే రోగ సభ్యులకు అవమానం. చివరికి కుర్చీ మీద న్యూస్‌పేపరు పరిచి పెట్టాలనీ, ఆ కాగితంలో పెద్దవాళ్లెవరి ఫొటో ఉండరాదనీ, ముందువైపు అధికారులకేసి ఉంటే చెప్పు చూపించినట్టుంటుంది గనుక మడమ వైపు ఉండాలనీ తీర్మానమైంది. నేను రిజిస్టరులో అయిదు పేర్లు రాసి ఎదురుగా 'హాజరు' వేశాను. కోరం సరిపోయింది. సుధాంశు గారు లేచి రోగ సభ్యులకు స్వాగతం పలికారు.

అలా ప్రతినెలా మొదటి మంగళవారం సమావేశం నిరాటంకంగా జరిగేది. ఇంత సాఫీగా నడిచిన కమిటీని నా సర్వీసులో చూడలేదు. "అభ్యంతరం ఉన్న సభ్యులు లేచి నిలబడాలి" అనేవారు సూపరింటెండెంటు గారు. ఎవరూ లేచేవారు కాదు. 'ఏకగ్రీవం' అని రాసేవాణ్ణి. మూడో సమావేశంలో ఫ్యాను గాలికి కాగితం ఎగిరి ఒక చెప్పు తిరగబడింది. చెప్పు తిరగబడితే తగువొస్తుందని అందరికీ తెలుసు కనుక అధికారులందరూ కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. సుధాంశు గారు అటెండరు చేత దాన్ని సరిగ్గా పెట్టించి, 'ఒక సభ్యురాలి అసమ్మతిని సామరస్యంగా పరిష్కరించడమైనది' అని రాయమన్నారు.

నాలుగో నెలలో రోగ సభ్యులకు రెండు రోజుల శిక్షణ జరిగింది. విషయం, 'సభలో ధైర్యంగా మాట్లాడటం ఎలా?' చివర్న ధ్రువపత్రాలు ఇచ్చారు. మిగతా చెప్పులు నెలనెలా మారేవి, వాటి సొంతదార్లు తొడుక్కుని ఊరికెళ్లిపోయేవాళ్లు. నీలం చెప్పులు మాత్రం ఒక్క సమావేశం తప్పలేదు. ఆ క్రమశిక్షణ గుర్తించి వాటిని ఉపాధ్యక్ష స్థానంలోకి జరిపారు. వాటిని భద్రంగా ఉంచడానికి నా బీరువాలో ఒక అర కేటాయించారు. తాళం నా దగ్గరే ఉండేది.

నూకరత్నం ప్రతినెలా వచ్చేది. వచ్చినప్పుడల్లా ఆ గుమ్మం ముందు ఓ నిమిషం నిలబడి, నా బల్ల దగ్గరికొచ్చి ఒకే మాట అడిగేది. మొదటి నెలే కాగితం మీద రాసిచ్చింది, గుమ్మానికి గుడ్డ కట్టమని. దాన్ని సుధాంశు గారు 'సూచన సంఖ్య ఒకటి'గా నమోదు చేశారు. మొదటి సమావేశం దాన్ని స్వాగతించింది. రెండోది అభినందించింది. మూడోది అధ్యయనానికి పంపింది.

అధ్యయనం నడుస్తుండగా రత్నం ఓ రోజు సంచిలో గుడ్డ తెచ్చుకుని సూపరింటెండెంటు గారి గదిలోకే వెళ్లిపోయింది. నేనూ వెనక నిలబడ్డాను.

"కుట్టుకొచ్చేశానండి. అంచులు కూడా మడిచేశాను. రెండు మేకులు కొట్టిస్తే చాలండి."

"రోగి నుంచి వస్తువు తీసుకుంటే లంచం కిందికొస్తుందమ్మా" అన్నారాయన, నొచ్చుకుంటూనే.

"ఇది మీకాండీ, గుమ్మానికండి! ఆ పిల్లకి రోజురోజుకీ పెరిగిపోతందండి. నేనెల్లి కాళ్లు పట్టుకున్నా రానంటంది. గుడ్డ కడితే వస్తానంది. ఒక్క గుడ్డ ముక్కండి బాబూ!"

సుధాంశు గారు ఆమెకు కుర్చీ వేశారు. "మీ ఆవేదన మాకు చాలా విలువైనదమ్మా. అయితే ఆ సూచన ఇప్పుడు మీ ఒక్కరిది కాదు, కమిటీది. మీ తరఫున అక్కడ మాట్లాడటానికి మీ ప్రతినిధి ఉన్నారు కదా."

"ఎవరండీ?"

ఆయన ఆమె కాళ్లకేసి చూశారు.

రత్నం గుడ్డ మడతపెట్టి సంచిలో పెట్టుకుంది. ఆ తర్వాత ఎప్పుడూ మాకు చెప్పులు ఇవ్వలేదు. వరసలో కూడా సంచీయే పెట్టేది.

ఆరో సమావేశంలో అధ్యయన నివేదిక వచ్చింది. తెర లేకపోవడం వల్ల ఇబ్బంది ఉందా అని రోగ సభ్యులను ఒక్కొక్కరినీ పేరుపేరునా అడిగారు. ఎవరి నుంచీ ఫిర్యాదు రాలేదు. "వీరవేణి గారూ, మీరేమైనా చెబుతారా?" అని సుధాంశు గారు నీలం చెప్పుల్ని ప్రత్యేకంగా అడిగి, నిజంగానే ఓ అర నిమిషం ఆగారు. దరిమిలా సమస్య లేదని ఏకగ్రీవంగా నిర్ణయమైంది. సమస్య లేదంటే పరిష్కారమైనట్టే గనుక నూకరత్నానికి ఉత్తరం పంపమన్నారు. 'మీ సూచన సంఖ్య ఒకటి పూర్తిగా పరిష్కరించబడినదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము.' టైపు చేసింది నేను. ముద్ర వేసింది నేను. గుమ్మానికి గుడ్డ లేదని నాకు తెలుసు. అయినా పోస్టు చేశాను.

ఏడో నెల మొదటి మంగళవారం ఆస్పత్రి కళకళలాడింది. మా భాగస్వామ్యం రాష్ట్రంలోకెల్లా ఉత్తమమైనదని తేలింది. బహుమతి ఇవ్వడానికి, ఫలకం ఆవిష్కరించడానికి, ముఖ్య అతిథి గారు ఎట్టకేలకు పదకొండింటికి వస్తున్నారు. నూరు శాతం హాజరు ఉన్న సభ్యురాలిగా వీరవేణికి శాలువా కప్పాలని నిర్ణయమైంది. చెప్పులకు శాలువా ఎలా కప్పాలన్నది మాత్రం తేలలేదు. నేను వాటిని బీరువా నుంచి తీసి, తుడిచి, వెండిరంగు పళ్లెంలో పెట్టుకుని మెట్ల దగ్గరికొచ్చాను.

అప్పుడు గేట్లోంచి నూకరత్నం వస్తూ కనిపించింది. ఒక చేతిలో మా ఉత్తరం. ఇంకో చేత్తో వీరవేణి చేయి పట్టుకుంది.

ఆ పిల్ల సగమైపోయింది. ఎడమ చేయి ఒంటికి ఎడంగా పెట్టి, ఉత్తకాళ్లతో నడుస్తోంది. రత్నం ముఖం వెలిగిపోతోంది. "చూడవే, ముద్దరేసి మరీ పంపించారు. కట్టేశారంట" అని చెబుతూ తీసుకొచ్చి, పరీక్ష గది ముందు ఆగింది.

గుమ్మం ఎప్పటిలాగే ఉంది.

వీరవేణి చేయి విడిపించుకుంది. "నువ్వు కూడా అబద్ధవాడావా పిన్నీ?" అంది. అంతే అంది. వెనక్కి తిరిగింది.

రత్నం ఉత్తరం నా ముందు పెట్టింది. "ఇది మీరు పంపిందేనాండి?"

"పదకొండింటికి ముఖ్య అతిథి గారొస్తారమ్మా, తెర తీస్తారు. తీశాక మళ్లీ ఇక్కడ..." అని ఏదో అన్నాను. ఆమె నేను చూస్తున్న వైపు చూసింది. మెట్ల పక్కన, నల్లరాయి మీద, ఆకుపచ్చ పరదా. ఏడు నెలల నుంచీ ఆ రాయికి మానం కాపాడుతోంది.

రత్నం పరుగెత్తింది. రెండు చేతులా పట్టుకుని లాగింది. ఊడలేదు. మళ్లీ లాగింది. "వేణీ, ఎల్లకే! ఆగవే అమ్మా!" అని గేటుకేసి అరుస్తూ లాగుతోంది. ఊడదు. ఆ ముడి వేసింది నేను కదా.

పళ్లెం కింద పెట్టాను. స్టూలు తెచ్చాను. ఎక్కి విప్పాను. పరదా రత్నం చేతుల్లో పడింది. గోడ మీద బంగారు అక్షరాలు బయటపడ్డాయి. వరండాలో ఉన్న ఆడవాళ్లెవరో అలవాటు కొద్దీ చప్పట్లు కూడా కొట్టారు.

రెండు నిమిషాల్లో గుమ్మానికి పరదా కట్టేశాం. రత్నం వెళ్లి గేటు దగ్గర నుంచి పిల్లను తీసుకొచ్చింది. వీరవేణి పరదా అంచు పట్టుకుని చూసింది, దళసరిగానే ఉందా అని. పళ్లెంలో చెప్పుల కిందున్న నర్సమ్మ చీటీ నేను తీసిస్తే, పట్టుకుని లోపలికెళ్లింది.

సుధాంశు గారు పరుగున వచ్చారు. బోసిగా ఉన్న ఫలకం చూసి తల పట్టుకున్నారు. "పావుగంటలో వచ్చేస్తున్నారు! తెర!" స్టోర్‌కి మనిషిని పంపారు. ఏడు నెలలుగా నిల్వ లేని తెర అయిదు నిమిషాల్లో వచ్చింది. పట్టుది, జరీ అంచుతో.

నేను పరదాకు ఇవతల నిలబడి ఉన్నాను. హాజరు రిజిస్టరు చంకలో ఉంది. లోపల డాక్టరమ్మ గొంతు వినిపిస్తోంది.

"ఈ చీటీ ఎప్పటిదమ్మా? ఏడు నెలల కిందటిదా? బఠాణీ గింజంత అని రాసుంది. ఇప్పుడు నిమ్మకాయంత ఉంది. చంకలోకి కూడా పాకింది." కాగితం మీద కలం గీసిన చప్పుడైంది. "అప్పుడే చూపించుకుంటే చిన్న ఆపరేషన్‌తో పోయేదేమో. ఇప్పుడు ముందు సూదిమందులు పెట్టాలి. తర్వాత ఏంటన్నది చూద్దాం. ఏమ్మా, ఇన్నాళ్లూ ఎక్కడికెళ్లిపోయావ్?"

వీరవేణి ఏడుస్తున్నట్టుంది.

రిజిస్టరు తెరిచాను. పి. వీరవేణి. హాజరు. హాజరు. హాజరు. ఆరుసార్లు, నా చేతిరాతే, గుండ్రంగా. రికార్డు ప్రకారం ఆమె ఎక్కడికీ వెళ్లలేదు.

బయటికొచ్చి ఆ పిల్ల ఒక కాలు ఎత్తి ఒక కాలు మోపుతూ నిలబడింది. వరండా బండలు కాలుతున్నాయి. నేను పళ్లెంలోంచి నీలం చెప్పులు తీసి ఆమె ముందు పెట్టాను. పిన్నీసు తుప్పు పట్టింది. ఆమె వాటిని చూసి, నన్ను చూసి, కాళ్లు దూర్చుకుంది.

"ఏమయ్యా, ఏంటిది? అవి తీసుకెళ్లిపోతే కోరం?" అన్నారు సుధాంశు గారు. గేటు దగ్గర కార్ల హారన్లు వినిపిస్తున్నాయి. "ఉపాధ్యక్షులు లేకుండా సమావేశం ఎలా జరుగుతుంది?"

రత్నం, వీరవేణి సూదిమందుల వార్డు వైపు నడుస్తున్నారు. హవాయి చెప్పుల చప్పుడు వరండా చివరిదాకా వినిపించింది.

కలం తీశాను. ఏడు నెలల్లో మా డాక్టరమ్మ వీరవేణిని చూసింది ఆ ఒక్కరోజే. ఆ రోజు తేదీ కింద, ఆమె పేరుకు ఎదురుగా, 'గైర్హాజరు' అని రాశాను.